ఇంట్లో పక్షులు లేవన్న డాక్టరు గారి కేసు

విజయవాడలో ఛాతీ వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి పేషెంటు అనుమతి ఉంది. అసలు రాయమని పట్టుబట్టింది కూడా ఆయనే. గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. జబ్బు, రిపోర్టులు, నేను చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పేషెంటు 58 ఏళ్ళ పిల్లల డాక్టరు. సూర్యారావుపేటలో దాదాపు ముప్పై ఏళ్ళ ప్రాక్టీసు. గుంటూరు మెడికల్ కాలేజీలో నాకంటే చాలా సీనియర్. మా అబ్బాయికి మొదటి టీకా వేసింది ఆయనే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ కేసులో జరిగిన ఆలస్యానికి సగం కారణం ఆ గౌరవమే.

మొదటిసారి ఆయన నా దగ్గరికి పేషెంటుగా రాలేదు. మే నెలలో డాక్టర్ల కోసం పెట్టే ఒక సీఎంఈ సదస్సు అయ్యాక, భోజనాల దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడి, "రెండు నెలల్నుంచి పొడి దగ్గమ్మా, వదలట్లేదు" అన్నారు. ఒక కోర్సు యాంటిబయాటిక్, అలర్జీకి మాంటెలుకాస్ట్, గ్యాస్ అనుకుని పాంటాప్రజోల్, అన్నీ తనే వేసుకున్నారు. ఐదు రోజులు స్టెరాయిడ్ వాడితే తగ్గిందట, ఆపితే మళ్ళీ మామూలే. ఫోన్‌లో ఎక్స్‌రే చూపించారు. ఒక చేతిలో బిర్యానీ ప్లేటు, ఇంకో చేతిలో ఆయన ఫోను. బాగానే ఉన్నట్టనిపించింది. "అలర్జీ సర్, ఇన్‌హేలర్ వాడి చూడండి" అన్నాను.

ఇదే మాట మామూలు పేషెంటు ఓపీలో చెప్పి ఉంటే కుర్చీలో కూర్చోబెట్టి ఇరవై ప్రశ్నలు అడిగేదాన్ని. స్టెరాయిడ్‌కి తగ్గి, ఆపగానే తిరగబెట్టే దగ్గు అన్నప్పుడే ఆగాల్సింది. తొలిదశలో ఎక్స్‌రే మామూలుగా కనిపించే ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నాయని పీజీ పిల్లలకి నేనే పాఠం చెబుతాను. కానీ ఎదురుగా ఉన్నది సర్. సర్‌కి తెలియనిదా, ఆయన అన్నీ ఆలోచించే ఉంటారు అనుకున్నాను. ఆయన నేను ఆలోచిస్తానని అనుకున్నారు. ఇద్దరు డాక్టర్ల మధ్య పేషెంటు అనేవాడే లేకుండా పోయాడు.

జూన్ రెండో వారంలో ఓపీ చీటీ రాయించుకుని మరీ వచ్చారు. దగ్గుకి తోడు ఆయాసం. నాలుగు కిలోలు తగ్గారు. కొన్నిరోజులు సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడి, నొప్పులు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ శాతం 95. ఆరు నిమిషాల నడక పరీక్షలో 390 మీటర్లు నడిచేసరికి 87కి పడిపోయింది. వేళ్ళ గోళ్ళు ఉబ్బలేదు. స్టెతస్కోపు పెడితే వీపు కింది భాగంలో చిటపటలు, వాటి మధ్య ఊపిరి పీల్చే చివర్లో 'కీచ్'మని చిన్న శబ్దం. పిట్ట కూసినట్టే ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని స్క్వాక్ అంటారు. ఆరోజు విని కేసు షీట్లో రాసుకున్నాను. అందులో ఉన్న వేళాకోళం నాకు నెల తర్వాత గానీ అర్థం కాలేదు.

ఊదుడు పరీక్షలో ఎఫ్‌వీసీ, అంటే నిండా పీల్చి బలంగా బయటికి వదలగలిగే మొత్తం గాలి, ఉండాల్సినదాంట్లో 61 శాతం. గొట్టాలు మూసుకుపోయిన లక్షణం లేదు, ఊపిరితిత్తే చిన్నబోయింది. రక్తంలోకి వాయువు చేరే సామర్థ్యాన్ని చెప్పే డీఎల్‌సీఓ 46 శాతం. ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపించే హెచ్‌ఆర్‌సీటీ స్కానులో అద్దం మీద ఆవిరి పట్టినట్టు మసక, అందులో మసకమసకగా చిన్న చుక్కలు. గాలి బయటికి వదిలించి తీసిన చిత్రాల్లో కొన్ని చోట్ల గాలి చిక్కుకుపోయి నల్లగా మిగిలిపోయింది. బూడిద, లేత బూడిద, నలుపు పక్కపక్కనే. అక్కడక్కడా సన్నటి గీతలు కూడా ఉన్నాయి. అంటే మచ్చకట్టడం అప్పటికే మొదలైంది.

ఆ చిత్రం చూశాక పెద్దగా తడుముకోవాల్సిన పనిలేదు. హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పీల్చే గాలిలోని బూజు, పక్షుల ధూళి, పాచిపట్టిన గడ్డి లాంటి వాటికి కొందరి శరీరం అతిగా తిరగబడి, ఊపిరితిత్తుల చివర ఉండే గాలిగదుల్లో వాపు తెచ్చుకుంటుంది. ఉబ్బసం గాలిగొట్టాల జబ్బు, ఇది ప్రధానంగా గాలిగదులదీ సన్నటి గొట్టాలదీ. ఉబ్బసంలో మనం చూసే ఐజీఈ అనే అలర్జీ ప్రతిరక్షకం పాత్ర ఇందులో ఉండదు. ఐజీజీ అనే వేరే ప్రతిరక్షకాలు, లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కలిసి చేసే గొడవ ఇది. మనదేశంలో టీబీ అనుకుని ఆరునెలల మందులు మింగించాక బయటపడే కేసులు తక్కువేం కాదు. మా సర్‌ది ఆ దారి పట్టలేదు, అంతవరకు నయం.

పేరు తెలిసింది. కారకం ఏమిటన్నది తేలాలి. ఒక ఆధారం ఆయనే ఇచ్చారు. మే నెల చివర్లో బెంగళూరులో కూతురి దగ్గర పన్నెండు రోజులున్నారు. నాలుగో రోజుకే దగ్గు సగం తగ్గింది. తిరిగొచ్చిన వారానికి మళ్ళీ మొదలు. "అక్కడ చల్లగా ఉంటుంది కదమ్మా. మన బెజవాడ ఎండకీ దుమ్ముకీ ఎవరి ఊపిరితిత్తి తట్టుకుంటుంది" అన్నారు. బెజవాడలో దగ్గొస్తే ఎండనీ దుమ్మునీ తిడతాం, గుంటూరులో అయితే మిర్చి యార్డుని తిడతాం. మిరప ఘాటుకి దగ్గొస్తుంది, నిజమే. కానీ సీటీలో ఇలాంటి బొమ్మ ఘాటు వేసేది కాదు.

కాగితం మీద ఉన్న ప్రశ్నలన్నీ వరసగా అడిగాను. గోడలకి చెమ్మ ఉందా? లేదు. ఈకల దిండ్లు? లేవు. ఇంట్లో పక్షులు ఉన్నాయా? "ఇంట్లో లేవు." కూలర్? "ఉంది. నాకు ఏసీ పడదు."

ఇక్కడ నేను ఎగిరి గంతేశాను. దానికో కారణం ఉంది. 2017లో అచ్చయిన భారతీయ ఐఎల్‌డీ (ఊపిరితిత్తి కణజాలానికి వాపు, మచ్చ తెచ్చే జబ్బులు) రిజిస్ట్రీలో 19 నగరాల నుంచి 1084 మంది రోగులను చూస్తే, 47 శాతం మందికి ఈ జబ్బే తేలింది. వాళ్ళలో సగానికి దగ్గరగా ఎయిర్ కూలర్ వాడకం ఉంది. నిలవ నీళ్ళు, తడిగడ్డి, బూజు. ఆ పేపరు నా తలలో ఎంత గట్టిగా కూర్చుందంటే, కూలర్ అన్న మాట వినగానే మిగతా ప్రశ్నలు ఆపేశాను. "కూలర్ తీసేయండి సర్, నెలరోజుల్లో చూద్దాం" అన్నాను. ఆయన అదేరోజు కూలర్‌ని కాంపౌండరుకి ఇచ్చేశారు. ఆ ఎండల్లో ఫ్యాను కింద పడుకున్నారు పాపం.

జులైలో ఎఫ్‌వీసీ 60. ఏమీ కదల్లేదు.

ఆరోజు నాకు తోచక, ఆయాసం ఏ మాత్రం ఉందో కొలుద్దామని మామూలుగా ఒక ప్రశ్న అడిగాను. ఆయన రోజూ పొద్దున్నే ఐదున్నరకి వాకింగ్‌కి వెళ్తారని డాక్టర్లందరికీ తెలుసు. ఆ టైములో ఫోను ఎత్తరు. "సర్, ఇదివరకు స్టేడియంలో ఎన్ని రౌండ్లు నడిచేవారు, ఇప్పుడు ఎన్నింటికి ఆయాసం వస్తోంది?"

సర్ జవాబు చెప్పలేదు. పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. ఆరేళ్ళుగా రోజూ నడిచే మనిషికి ఎన్ని రౌండ్లో తెలియదు.

"రౌండ్లు కాదమ్మా" అన్నారు చివరికి. "మెట్లు చెప్పగలను. అరవై రెండు మెట్లు. ఇదివరకు ఒక్క ఊపున ఎక్కేసేవాణ్ణి. ఇప్పుడు రెండుచోట్ల ఆగుతున్నా."

ఆ మెట్లు వన్‌టౌన్‌లో కొండవాలున ఉన్న వాళ్ళ నాన్నగారి ఇంటివి. పెద్దాయన పోయాక ఆయన ఉన్న వాటా ఖాళీగా ఉంది. కింద వాటాలో ఒక ఆటో నడిపే కుర్రాడి కుటుంబం. పైన మేడ మీద జాలీ కొట్టించి, చెక్కపెట్టెలు పేర్చి, ముప్పై నాలుగు పావురాలు. అన్నీ హోమర్లు, ఎక్కడ వదిలినా గూటికి తిరిగొచ్చే జాతి. రోజూ ఐదున్నర నుంచి ఏడింటిదాకా సర్ అక్కడ ఉంటారు. గూళ్ళు ఊడుస్తారు, రెట్ట గోకుతారు, నీళ్ళు మారుస్తారు, సజ్జలూ జొన్నలూ పెసలూ కలిపి వేస్తారు, తర్వాత వదులుతారు. ఆరేళ్ళుగా ఇంట్లో ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. కూతురికి కూడా వాకింగే.

ఆయన నాతో అబద్ధం చెప్పలేదు. నేను అడిగింది ఇంట్లో పక్షులు ఉన్నాయా అని. ఇంట్లో లేవు.

ఎందుకు దాచారని అడగలేదు, ఆయనే చెప్పారు. "ఉబ్బసం ఉన్న పిల్లల అమ్మానాన్నలకి రోజూ చెబుతాను కదమ్మా, ఇంట్లో కుక్కా పిల్లీ వద్దు, చిలకలూ పావురాలూ వద్దని. నేనే మేడ మీద ఇన్ని పెట్టుకున్నానంటే ఏమనుకుంటారు?" అది ఒక కారణం. ఇంకోటి నేను ఊహించాను. డాక్టరు గారి సరదాల్లో కూడా ఎక్కువా తక్కువా ఉన్నాయి. పాట పాడితే గౌరవం. శ్రీపాద పినాకపాణి గారు వైద్యులే, కర్నూలు మెడికల్ కాలేజీలో పనిచేశారు, సంగీతానికి 1984లో పద్మభూషణ్ అందుకున్నారు. కథ రాస్తే గౌరవం. కేశవరెడ్డి గారు డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూనే తెలుగులో పెద్ద నవలాకారుడయ్యారు. మారథాన్ పరిగెత్తి ఫొటో పెడితే రెండొందల లైకులు. స్థలాలు కొన్నా తప్పులేదు. పావురాలు మాత్రం పనీపాటా లేని కుర్రాళ్ళు, పందేలరాయుళ్ళు పెంచేవి. వాళ్ళ నాన్నగారి అభిప్రాయమూ అదే. సర్ ఎనిమిదో తరగతిలో ఐదు జతలు పెంచారట. ఇంటర్‌లో బైపీసీలో చేరిన రోజున, కాలేజీ నుంచి వచ్చేసరికి మేడ ఖాళీగా ఉందట. ఎవరికి ఇచ్చారో నాన్నగారు చెప్పలేదు, ఈయన అడగలేదు. మళ్ళీ యాభై రెండో ఏట, అదే మేడ మీద మొదలుపెట్టారు.

అసలు సంగతి బయటపడ్డాక ఆయన్ని ఆపడం కష్టమైంది. ఓపీ బయట పేషెంట్లు ఎదురుచూస్తుంటే నాకు ఇరవై నిమిషాలు పావురాల పాఠం చెప్పారు. హోమర్ గంటకి 60, 70 కిలోమీటర్ల వేగంతో ఎగురుతుందని, కొత్తచోట వదిలినా సూర్యుడి స్థానాన్ని, భూమి అయస్కాంతాన్ని బట్టి గూటికి చేరుతుందని. ఒంగోలులో, నెల్లూరులో మీటింగులు ఉంటే కారు వెనక సీట్లో గాలి ఆడే పెట్టెలో ఆరు పావురాలు పెట్టుకుని వెళ్ళేవారట. హైవే పక్కన వాటిని వదిలి, తర్వాత వెళ్ళి న్యుమోనియా మీద ఉపన్యాసం ఇచ్చేవారు. భోజనం వేళకి ఆటో కుర్రాడు ఫోన్ చేస్తాడు, "బాబాయ్, నీలిది దిగింది, పది నలభై" అని. ఆ ఒక్క చోట తప్ప తనని బాబాయ్ అనేవాళ్ళు లేరని ఆయన అన్నప్పుడు, సీటీ ఫిల్ము లైట్‌బాక్సు మీద అలాగే వేలాడుతోంది.

జబ్బు సంగతికి వద్దాం. పావురం ఈకల మీద తెల్లటి మెత్తని పొడి ఉంటుంది. చేతికి తగిలితే టాల్కమ్ పౌడరులా అంటుకుంటుంది. అది అత్యంత సన్నటి ధూళి, గాలిగదులదాకా చేరిపోతుంది. రెట్టలోనూ, స్రావాల్లోనూ ఉండే ప్రోటీన్లు ఎండి దానికి తోడవుతాయి. ఎండిన రెట్టని గోకి, ఊడ్చేటప్పుడు లేచే ధూళే అన్నిటికంటే ప్రమాదం. పావురాలు పెంచేవాళ్ళలో ఈ జబ్బుని 1965లోనే అమెరికా వైద్యులు వర్ణించారు. పెంచే ప్రతివాడికీ రాదు, ఎక్కువమందికి రాదు కూడా. ఆటో కుర్రాడు రోజూ ఆయనకంటే ఎక్కువసేపే అక్కడ ఉంటాడు, వాడికి దగ్గు లేదు. ఎవరికి వస్తుందన్నది ముందే చెప్పే పరీక్ష లేదు.

బ్రాంకోస్కోపీ చేసి ఊపిరితిత్తి కడిగిన ద్రవాన్ని పంపితే లింఫోసైట్లు 48 శాతం, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. పావురపు ప్రోటీన్లకి ఐజీజీ బాగా ఎక్కువ. ఈ రెండో రిపోర్టుని చూసి మురిసిపోకూడదు. ఆరోగ్యంగా ఉన్న పావురాల వాళ్ళలోనూ అది పెరిగే ఉంటుంది. తాకిడి ఉందని చెబుతుందే తప్ప జబ్బుందని చెప్పదు. 2020లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు తాకిడి, సీటీ, కడిగిన ద్రవం మూడింటినీ కలిపి చూడమంటాయి. ఇక్కడ మూడూ కుదిరాయి. రేడియాలజిస్టుతో కూర్చుని మాట్లాడుకున్నాక బయాప్సీ అక్కర్లేదనుకున్నాం. కీళ్ళవాత జబ్బుల పరీక్షలు మామూలుగానే వచ్చాయి. అనుమానించాల్సిన మందులేవీ ఆయన వాడలేదు.

వైద్యం ఒక వాక్యంలో చెప్పేది: పావురాలకి దూరంగా ఉండాలి. మిగతా మందులన్నీ దాని తర్వాతే.

ఆ వాక్యం నేను గట్టిగా చెప్పలేకపోయాను. ఇది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. సర్ బేరం పెట్టారు. "ఊడ్చే పని కుర్రాడికి ఇచ్చేస్తాను. ఎన్‌95 మాస్కు పెట్టుకుంటాను. అక్కడి బట్టలు అక్కడే మార్చుకుంటాను. అరగంటే ఉంటాను." నేను ఒప్పుకున్నాను. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 30 మిల్లీగ్రాములు మొదలుపెట్టాను. నాలుగు వారాలకి ఎఫ్‌వీసీ 68 అయింది. ఇద్దరం సంతోషించాం. స్టెరాయిడ్ 10కి దిగేసరికి మళ్ళీ 63. నడకలో ఆక్సిజన్ 86. మొదట వచ్చిన లాభం మాస్కుది కాదు, మాత్రది. ఆ రెండు నెలల్లో సీటీలో గీతలు కొద్దిగా పెరిగాయి. అవి వెనక్కి రావు. ఇదే బేరం ఒక ఆటో డ్రైవరో, పిండిమిల్లు నడిపే మనిషో పెట్టి ఉంటే నేను ఒప్పుకునేదాన్నా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒప్పుకునేదాన్ని కాదు.

సెప్టెంబరు చివర్లో చెప్పాల్సిన విధంగా చెప్పాను. పిల్లాడి తల్లిదండ్రులకి ఆయన ఎలా చెబుతారో అలా చెప్పాను. ఆయన విని, "సరే" అన్నారు. అంతే.

ఆ తర్వాత జరిగింది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. తెనాలిలో పావురాలు పెంచే ఒకాయనకి ముప్పై నాలుగూ ఇచ్చేశారు. మూడు వారాలు జాలీలో ఉంచి, అలవాటు పడి ఉంటాయిలే అని ఆయన వదిలాడు. గంట కాకముందే పదకొండు పావురాలు వన్‌టౌన్ మేడ పిట్టగోడ మీద ఉన్నాయి. హోమర్ అంటేనే అది కదా. ఎక్కడ పుట్టి రెక్కలు విదిల్చిందో అదే దానికి ఊరు. పెద్ద పావురాన్ని ఎవరికి ఇచ్చినా, వదిలిన రోజున పాత గూటికే వస్తుంది. సర్‌కి ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసీ చెప్పలేదా అని అడిగితే నవ్వి ఊరుకున్నారు.

కారకాన్ని తొలగించండి అని మేం కేసు షీట్లో రాస్తాం. తొలగించిన కారకం తనంతట తానే ఎగిరొస్తే ఏం చేయాలో ఎవరూ రాయలేదు.

చివరికి తెనాలి ఆయనే దారి చెప్పాడు. పెద్దవాటిని జాలీలోనే ఉంచి జతలు కట్టిస్తాడు. వాటికి పుట్టిన పిల్లలు తెనాలినే తమ ఊరనుకుంటాయి, వాటిని ఎగరేసుకోవచ్చు. పదకొండింటినీ కుర్రాడు పట్టుకుని మళ్ళీ తెనాలి చేర్చాడు. మేడ మీది పెట్టెలన్నీ విప్పించి, నేలనీ గోడలనీ తడిగుడ్డలతో, నీళ్ళతో రెండుసార్లు కడిగించాం. పొడిగా ఊడిస్తే ధూళి మళ్ళీ లేస్తుంది. పక్షులు పోయాక కూడా ఆ ప్రోటీన్లు నెలల తరబడి అక్కడే ఉంటాయి కాబట్టి, సర్‌ని ఆ మెట్లు ఎక్కొద్దన్నాను. కారు వెనక సీటు కవర్లు కూడా మార్పించాను. దాని గురించి ముందు నాకు తట్టలేదు, ఆవిడ గుర్తుచేశారు.

స్టెరాయిడ్ మళ్ళీ 30తో మొదలుపెట్టి ఐదు నెలల్లో దించాం. మధ్యలో షుగర్ పెరిగి మెట్‌ఫార్మిన్ వేయాల్సొచ్చింది. రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనోలేట్ అవసరం పడలేదు. మచ్చ పెరుగుతూ పోతే దాన్ని నెమ్మదింపజేసే నింటెడానిబ్ మందు ఆలోచించాలని రాసిపెట్టుకున్నాను, ఇప్పటిదాకా ఆ అవసరమూ రాలేదు. తొమ్మిది నెలలకి ఎఫ్‌వీసీ 76, డీఎల్‌సీఓ 60, నడకలో 470 మీటర్లు, ఆక్సిజన్ 92 కంటే కిందికి పోలేదు. 'కీచ్' శబ్దం లేదు. సీటీలో మసక పోయింది, గీతలు ఉన్నాయి.

అంకెల్లో లేనిది ఒకటి ఉంది. రెండో నెలలో ఆయన చాలా దిగాలుగా అయ్యారు. పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చేది, చేయడానికి ఏమీ లేదు. స్టెరాయిడ్‌కి నిద్ర పట్టకపోవడం మామూలే కాబట్టి నేను దాన్ని మందు ఖాతాలో వేశాను. మోతాదు తగ్గినా ఆ మెలకువ తగ్గలేదు. ఓపీలో ఇదివరకు లేని విసుగు వచ్చిందని ఆవిడ చెప్పారు. అప్పుడు నా స్నేహితురాలైన సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. వెళ్ళారు. ఓపీ చీటీ రాయించుకునే వెళ్ళారట. మేం ఆయన నుంచి తీసేసింది ముప్పై నాలుగు పావురాల్నే అనుకున్నాను. రోజుకి గంటన్నర ఫోను ఎత్తకుండా ఉండే హక్కు కూడా పోయింది, అది నాకు తట్టలేదు.

ఉప్పలపాడు వెళ్ళి కొంగల్నీ గూడబాతుల్నీ దూరం నుంచి బైనాక్యులర్‌లో చూడొచ్చా అని ఒకసారి అడిగారు. గుంటూరు పక్కనే, చెరువు మధ్య చెట్ల మీద ఉంటాయి కదా, మేడ మీద గూడు ఊడ్చినట్టు కాదు కదా అన్నారు. నిజానికి పెద్ద తేడానే. అయినా ఒక పక్షికి తిరగబడ్డ శరీరం ఇంకో పక్షికీ తిరగబడొచ్చు కాబట్టి ఏడాది ఆగమన్నాను. ఈసారి బేరం ఆడలేదు.

ఇప్పుడు పొద్దున్నే నిజంగానే స్టేడియానికి వెళ్తున్నారు. ఆరు రౌండ్లు, లెక్క చెప్పగలరు. నడుస్తూ మధ్యలో ఒకసారి ఆగి ఫోను చూసుకుంటారు. తెనాలి నుంచి వీడియో వస్తుంది: నీలిదాని పిల్లలు రెండు, మొదటిసారి ఎగిరి దిగిన టైముతో సహా.

మొన్న రివ్యూకి వచ్చినప్పుడు ఊదుడు పరీక్ష అయ్యాక తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అడిగారు. తెనాలిలో జాలీ తలుపు తెరిచి ఉన్నప్పుడల్లా ఒక ఆడపావురం తప్పించుకుని వన్‌టౌన్ వస్తోందట. గూడు లేదు, గింజ లేదు. కాసేపు పిట్టగోడ మీద కూర్చుంటుందట. కుర్రాడు పట్టుకుని మళ్ళీ తీసుకెళ్తున్నాడు. ఇప్పటికి నాలుగుసార్లు.

"అది అక్కడ వాలి కూర్చుంటే, నాకు ఎక్స్‌పోజర్ కింద లెక్కా అమ్మా?"

"మీరు మెట్లు ఎక్కనంతవరకు కాదు సర్."

"ఎక్కట్లేదు" అన్నారు. "కింద నుంచి కూడా కనిపిస్తుంది."

ఎంత దూరం నుంచి అని అడిగి, కేసు షీట్లో రాసుకున్నాను. అరవై రెండు మెట్ల కింద, రోడ్డుకి అవతల. తర్వాతి డీఎల్‌సీఓ ఆరునెలలకి.